కూతురి పెళ్లి పీటల మీద కూర్చోవాలంటే భయంగా ఉంది

ప్రశ్న: నా వయసు 52. మాది హిందూపురం దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా బెంగళూరులో, కె.ఆర్.పురం అవతల ఉంటున్నాం. లేఅవుట్లలో సర్వే పని చేస్తాను. ఐదేళ్ల కిందట కనురెప్పల మీద, మెడ మీద దురదతో మొదలైంది. ఇప్పుడు ముఖం నల్లబడి, నుదుటి చర్మం మందమై ముడతలు పడింది. కాంగ్రెస్ గడ్డి వల్ల వచ్చిన అలర్జీ అని చర్మవైద్యులు చెప్పారు. మందులు వాడితే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. రాత్రిళ్లు నిద్ర లేదు. వంకాయ, గోంగూర, చేపలు మానేసినా ఫలితం లేదు. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోరు. కుష్ఠు అనుకుంటారేమోనని హోటల్లో కాఫీ తాగడం, బంధువుల ఇళ్లకు వెళ్లడం మానేశాను. దురద భరించలేనప్పుడు మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుంటాను. అవి వాడిన వారం ఇంట్లో అందరి మీదా అరుస్తాను, ఆపేశాక ఏడుపొస్తుంది. డాక్టరుగారు 'టెన్షన్ తగ్గించుకోండి' అంటారు. నా భార్య 'మీరు అదే పనిగా ఆలోచించడం వల్లే ఇదంతా' అంటుంది. మాఘమాసంలో అమ్మాయి పెళ్లి. కన్యాదానానికి మా తమ్ముణ్ణి, మరదలిని కూర్చోబెడదామంటే ఇంట్లో పెద్ద గొడవైంది. ఒక్కోసారి ఇలా బతకడం ఎందుకనిపిస్తుంది. ఇంతకీ జబ్బు నా చర్మానిదా, మనసుదా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: పెళ్లి గొడవ చెప్పిన తర్వాత, ఏదో మాటవరసకు అన్నట్టుగా మీరు రాసిన ఒక వాక్యం దగ్గర ముందుగా ఆగుతాను. 'ఇలా బతకడం ఎందుకు' అన్న ఆలోచన నిద్ర పట్టని రాత్రి వచ్చి తెల్లవారేసరికి పోతోందా, లేక ఎలా చనిపోవాలన్న దాకా వెళ్తోందా అన్నది మీకే తెలుస్తుంది. రెండోదైతే ఈ సమాధానం చదవడం ఇక్కడే ఆపి, ఆ సంగతి మీ భార్యకు చెప్పి, మానసిక బాధల్లో ఉన్నవారి కోసం నడిచే టెలి మానస్ సేవ నంబరు 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ అందుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. హోసూరు రోడ్డులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ అత్యవసర విభాగం కూడా 24 గంటలూ పనిచేస్తుంది. మొదటిదే అయినప్పటికీ, ఉత్తరంలో నాకు రాయగలిగిన ఆ మాటను ఇంట్లో ఒకరికైనా చెప్పి ఉంచండి. పక్క గదిలో పడుకున్న మనిషికి తెలియని బాధ రాత్రిపూట రెట్టింపవుతుంది.

ఇక మీరు అడిగిన ప్రశ్న. జబ్బు చర్మానిదే. దాని మూలం మీ స్వభావంలో లేదు, మీరు టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రం మోసుకుని తిరిగే ఖాళీ సైట్లలో ఉంది. మనం వయ్యారిభామ అనీ, బెంగళూరువాళ్లు కాంగ్రెస్ గిడ అనీ పిలిచే పార్థీనియం అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చి, 1950ల మధ్యలో పుణే పరిసరాల్లో గుర్తింపుకు వచ్చి, అటుపైన దేశమంతా పాకింది. దీన్ని తిని అదుపు చేస్తుందన్న ఆశతో మెక్సికో నుంచి తెప్పించిన ఒక రకం పెంకుపురుగును 1984లో బెంగళూరులో వదిలారు. పురుగు ఇక్కడ బాగానే స్థిరపడింది గాని, వానలు పడ్డాక ఊరి చివర లేఅవుట్లలో నడుము ఎత్తున తెల్లగా పూసి నిలబడే గడ్డిని చూస్తే ఎవరిది పైచేయి అయిందో చెప్పనక్కరలేదు. ఆ మొక్కలోని పార్థీనిన్ అనే పదార్థం పుప్పొడితోనూ, ఎండి నలిగిన ఆకుల పొడితోనూ కలిసి గాలిలో తేలుతూ బట్టలు కప్పని చోట పడుతుంది కనుకనే మీకు కనురెప్పలతో, మెడతో మొదలైంది. ఒంటి రక్షణ వ్యవస్థ ఒకసారి దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకున్నాక, తెల్ల రక్తకణాలలోని టి కణాలు అది తగిలిన ప్రతిసారీ దాడికి దిగుతాయి.

ఆ దాడి వెంటనే జరగదు, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా జరుగుతుంది. సోమవారం సైటుకు వెళ్తే బుధవారం ముఖం మండుతుంది. మనసును ఎక్కువగా తినేసేది ఈ ఆలస్యమేనని నా అభిప్రాయం. కారణం కళ్లెదుట కనబడకపోవడంతో మనిషి నిన్న తిన్న కూరను, మొన్న మార్చిన సబ్బును, చివరికి తన ఆలోచనలనే అనుమానించడం మొదలుపెడతాడు. వంకాయ, గోంగూర, చేపలు మానేసినా తగ్గలేదని రాశారు. తగ్గదు, ఎందుకంటే ఇది తిండి వల్ల వచ్చిన అలర్జీ కాదు. మీ చర్మవైద్యులు వేరే కారణం చూపిస్తే తప్ప వాటిని మళ్లీ తినండి. ఇంటిల్లిపాదికీ ఒక వంట, మీకొక వంట అయినన్నాళ్లూ మీరు రోజుకు రెండుసార్లు భోజనాల దగ్గర కూడా రోగిగానే కూర్చోవలసి వస్తుంది.

చర్మానికి ఏ పదార్థం పడదో తేల్చే ప్యాచ్ పరీక్ష చేయించుకున్నారో లేదో మీరు రాయలేదు. లేకపోతే అడిగి చేయించుకోండి. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి 48 గంటలకు తీసి చూస్తారు, సాధారణంగా 96 గంటలకు మరోసారి చూస్తారు. ఈ పరీక్షకు మన దేశంలో వాడే పదార్థాల ప్రామాణిక శ్రేణిలో పార్థీనియం కూడా ఉంటుంది. జబ్బు బాగా రేగి ఉన్నప్పుడు, స్టెరాయిడ్ మాత్రలు నడుస్తున్నప్పుడు ఫలితం సరిగా తేలదు కాబట్టి సమయం డాక్టరే నిర్ణయిస్తారు. ఫలితం చేతికి వచ్చాక అనుమానించవలసిన వస్తువుల జాబితా చిన్నదవుతుంది, మీ మనసుకు అంత కాపలా పని తప్పుతుంది.

టెన్షన్ గురించి డాక్టరుగారు చెప్పింది అబద్ధమేమీ కాదు. చర్మపు పైపొర, నాడీమండలం తల్లి కడుపులో ఒకే పొర నుంచి తయారవుతాయి. ఆందోళన పెరిగినప్పుడు చర్మంలోని నాడుల కొసల నుంచి వెలువడే రసాయనాలు వాపును, దురదను ఎగదోస్తాయి. అయితే ఈ దారిలో రాకపోకలు రెండు వైపులా ఉంటాయి. రాత్రంతా గోక్కున్న మనిషికి మర్నాడు ఓపిక ఉండదు, పనిలో తప్పులు దొర్లుతాయి, ఇంటికి వచ్చి పిల్లల మీద విసుక్కుంటాడు, విసుక్కున్నందుకు లోలోపల నొచ్చుకుంటాడు, ఆ రాత్రి దురద ఇంకొంచెం ఎక్కువవుతుంది. ఎలా తగ్గించుకోవాలో చెప్పకుండా 'టెన్షన్ తగ్గించుకోండి' అని మాత్రమే చెప్పి పంపిస్తే, జబ్బుతో పాటు జబ్బు తెచ్చుకున్న నేరం కూడా రోగి నెత్తిన పడుతుంది. మీ విషయంలో జరిగింది అదే. మీ భార్య మంచికే అన్నా, ఆ మాట మీ చెవికి తీర్పులాగే వినిపించి ఉంటుంది.

ఇలా కుంగిపోవడం మీ ఒక్కరి బలహీనత అనుకోకండి. ఐరోపాలోని 13 దేశాలలో చర్మవ్యాధుల విభాగాలకు వచ్చిన 3,600 మందికి పైగా రోగులను పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సుమారు 10 శాతం మందికి వైద్యపరంగా గుర్తించదగిన స్థాయిలో డిప్రెషన్, 17 శాతం మందికి ఆ స్థాయి ఆందోళన ఉన్నట్టు తేలింది. పోలిక కోసం తీసుకున్న మామూలు వ్యక్తులలో ఇవి 4 శాతం, 11 శాతం మాత్రమే. ఈ బాధను డాక్టరు ముందు పెట్టడానికి ఒక సులువైన సాధనం కూడా ఉంది. డి.ఎల్.క్యు.ఐ. అనే పది ప్రశ్నల పత్రం 1994 నుంచి వాడుకలో ఉంది. గడిచిన వారంలో చర్మం వల్ల ఎంత సిగ్గుపడ్డారు, ఎలాంటి బట్టలు వేసుకున్నారు, పని, బజారు, స్నేహాలు, దాంపత్యం ఎంత దెబ్బతిన్నాయి అని అది అడుగుతుంది. 30 మార్కులకు 10 దాటితే బతుకు మీద ప్రభావం చాలా ఎక్కువగా ఉన్నట్టు లెక్క. ఇప్పుడున్న మందు చాలుతోందా, మార్చాలా అని ఆలోచించేటప్పుడు చర్మవైద్యులు ఈ సంఖ్యను కూడా చూస్తారు. ఈసారి వెళ్లినప్పుడు ఆ పత్రం నింపుతానని మీరే అడగండి. 'బాధగా ఉంది సార్' అన్న మాటకు దొరకని సమయం కాగితం మీది సంఖ్యకు దొరకడం నేను చాలాసార్లు చూశాను.

షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల పేరు మీరు రాయలేదు. వేసుకోగానే ముఖం చల్లబడటం, ఆపగానే తిరగబెట్టడం, వాడిన వారం కోపం, మానేశాక ఏడుపు, ఇవన్నీ చూస్తే అవి స్టెరాయిడ్ మాత్రలేమోనని గట్టి అనుమానం కలుగుతోంది. స్టెరాయిడ్లు కొందరిలో చిరాకును, నిద్రలేమిని తెస్తాయి, తగ్గించేటప్పుడు మనసును కుంగదీస్తాయి. అంటే మీ స్వభావం చెడిపోయిందని మీరు, మీ ఇంట్లోవాళ్లు అనుకుంటున్న దానిలో కొంత భాగం ఆ మాత్రలదే కావచ్చు. వాటిని వెంట తీసుకుని వెళ్లి డాక్టరుకు చూపించండి. పేరున్న వైపు కత్తిరించి ఇచ్చిన నాలుగు మాత్రల ముక్కే మీ దగ్గర మిగిలి ఉంటే, షాపుకు వెళ్లి పేరు రాయించుకుని మరీ వెళ్లండి. వారాల తరబడి వాడుతూ వచ్చి ఉంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, శరీరం సొంతంగా తయారుచేసుకోవలసిన హార్మోను అందక ప్రాణం మీదికి రావచ్చు. మళ్లీ మళ్లీ తిరగబెట్టే పార్థీనియం అలర్జీకి స్టెరాయిడ్లు తగ్గించి రక్షణ వ్యవస్థ దూకుడును తగ్గించే అజాథయోప్రిన్ వంటి మందు ఇవ్వడం మన దేశంలో చర్మవైద్యులు చాలాకాలంగా చేస్తున్నదే. దానికి రక్తకణాల పరీక్ష, కాలేయ పరీక్ష తరచు చేయించాలి, పని మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే పెళ్లి దాకా ఆగకుండా ఈ వారమే వెళ్లండి.

రాత్రి దురద గురించి. పక్క ఎక్కి ఒళ్లు వేడెక్కాక దురద పెరగడం సహజం. గది చల్లగా ఉంచి, గోళ్లు పొట్టిగా కత్తిరించుకుని, డాక్టరు రాసిన మాయిశ్చరైజరు పడుకోబోయే ముందు రాసుకోవడం అందరూ చెప్పేదే. అంతగా చెప్పనిది ఒకటుంది. ఏళ్ల తరబడి దురదతో ఉన్నవారిలో గోక్కోవడం సగానికి సగం అలవాటుగా మారుతుంది, దురద లేకపోయినా చెయ్యి దానంతటదే మెడ మీదికి పోతుంది. ముందుగా కొన్ని రోజులు చెయ్యి ఎప్పుడెప్పుడు పైకి లేస్తోందో గమనించండి. ఫోను మాట్లాడేటప్పుడా, బండి సిగ్నలు దగ్గర ఆగినప్పుడా, ఇంట్లో డబ్బు ప్రస్తావన వచ్చినప్పుడా? తర్వాత, లేచిన చేతిని పిడికిలి బిగించి ముప్పై లెక్కపెట్టండి, అప్పటికీ దురద పోకపోతే ఆ చోట గోకకుండా అరచేత్తో గట్టిగా అదమండి. మొదట్లో చాదస్తంగా అనిపిస్తుంది గాని, చర్మం చిట్లడం తగ్గుతుంది. ఈ పని సాగాలంటే ఇంట్లో వాళ్లు 'గోక్కోకండి' అనడం మానాలి. ఆ మాట విన్న ప్రతిసారీ మీరు పట్టుబడ్డ దొంగలా చెయ్యి దించుకుంటారు, వాళ్లు అటు తిరగగానే మళ్లీ మొదలుపెడతారు. ఈ పేరా మీ భార్యకు చదివి వినిపించండి.

నన్ను వీటన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది మీరు జనానికి ముఖం చాటేయడం. కాఫీ హోటలు పోయింది, బంధువులు పోయారు, ఇప్పుడు పెళ్లి పీటల దాకా వచ్చింది. తప్పుకున్న ప్రతిసారీ ఆ పూటకు ప్రాణం హాయిగా ఉంటుంది, ఆ హాయికి అలవాటుపడి మరుసటిసారి ఇంకో చోటు వదులుకుంటాం. బస్సులో కొందరు జరిగి కూర్చునే మాట నిజమే అయి ఉంటుంది, ఆ అవమానం మీ ఊహ అని నేను అనను. కానీ రెండు స్టాపుల్లో దిగిపోయేవాడు తలుపు దగ్గరే నిలబడతాడు, ఫోనులో తల దూర్చినవాడు సీటు ఖాళీగా ఉన్న సంగతే గమనించడు. ఖాళీ సీటుకు మీరు మాత్రం ఒకే ఒక్క కారణం చెప్పుకుంటున్నారు. కుష్ఠు అనుకుంటారన్న భయం సంగతికొస్తే, అదయినా సిగ్గుపడవలసిన జబ్బు కాదు, బహుళ ఔషధ చికిత్సతో నయమవుతుంది. ఆ మచ్చల్లో స్పర్శ మొద్దుబారుతుందే గాని, మిమ్మల్ని నిద్ర పోనివ్వని ఇలాంటి దురద సాధారణంగా ఉండదు. మీది అది కాదని మీకు తెలుసు, డాక్టరుకు తెలుసు. తెలియనిది ఎదుటి మనిషికి.

అతనికి చెప్పడానికి ఒక వాక్యం ముందే సిద్ధం చేసుకోండి. 'కాంగ్రెస్ గడ్డి అలర్జీ అండీ, అంటుకోదు.' సైటులో ఎవరైనా ముఖానికి ఏమైందని కన్నడంలో 'ఏనాయ్తు సార్ ముఖక్కె' అంటే, అదే మాట కన్నడంలో, 'కాంగ్రెస్ గిడద అలర్జి, అంటురోగ అల్ల' అనండి. అద్దం ముందు పైకి అని చూసుకోండి. చెప్పాక ఆగి, మాట పని మీదికి మళ్లించండి. ఐదేళ్ల చరిత్ర వినిపించనక్కరలేదు, తల దించుకోవడం అసలే అక్కరలేదు. మొదటి వారం మీ వీధి చివర ఉన్న దర్శినికి, టిఫిన్ల రద్దీ తగ్గాక వెళ్లి, గట్టు దగ్గర నిలబడి కాఫీ తాగి రండి. పార్సిల్ కట్టించుకుని వచ్చేస్తే లెక్కలోకి రాదు. గుండె దడదడలాడుతుంది, ఆ దడ దానంతటది తగ్గేదాకా అక్కడే నిలబడటంలోనే చికిత్స ఉంది. తర్వాతి వారం రద్దీ వేళలో వెళ్లండి. ఆ తర్వాత దగ్గరి బంధువుల ఇంటికి ఒక పూట భోజనానికి వెళ్లండి. ఇలా మెట్టు మెట్టుగా ఎక్కించడం మానసిక చికిత్స చేసే మావంటివాళ్లం నిత్యం చేసే పనే. ఒంటరిగా సాగకపోతే నిమ్హాన్స్ ఓ.పి.కి గాని, తెలుగు మాట్లాడే కౌన్సెలరు దగ్గరికి గాని వెళ్లండి. డిప్రెషన్ ఉందని తేలి మాత్రలు రాస్తే, చర్మానికి పూసుకునే మందును వాడినట్టే వాటినీ వాడండి.

ఇక కన్యాదానం. మీరు తమ్ముడి పేరు చెప్పినప్పుడు ఇంట్లో గొడవైందన్నారు గాని, అమ్మాయి ఏమందో ఉత్తరంలో లేదు. ఆమెను విడిగా కూర్చోబెట్టుకుని, భయం ఉన్నది ఉన్నట్టు చెప్పి, తనకు ఎవరు కావాలో అడగండి. తండ్రి మండపంలోనే ఉండగా బాబాయి పెళ్లికొడుకు కాళ్లు కడిగితే మగపెళ్లివారి నోట పుట్టే ప్రశ్నలు మీ నుదుటి ముడతల గురించి పుట్టేవాటికంటే పెద్దవి. వియ్యంకుడికి ముందుగానే చెప్పడం మేలని నాకు తోస్తుంది. గడ్డి వల్ల వచ్చింది, అంటుకోదు, వంశపారంపర్యంగా అమ్మాయికి వచ్చేది కాదు. ఈ మూడు ముక్కలు మీ నోటితోనే చెప్పండి, పెళ్లిళ్ల పేరయ్యతో చెప్పించకండి. చెప్పేసిన విషయాన్ని పెళ్లిరోజున దాచుకోవలసిన శ్రమ ఉండదు.

పనికి సంబంధించి కొన్ని మార్పులు తప్పవు. వీలైతే పెళ్లి అయ్యేదాకా సైటు పని వేరొకరికి ఇచ్చి ఆఫీసులో డ్రాయింగుల పని అడిగి తీసుకోండి. తప్పక వెళ్తే నిండు చేతుల చొక్కా, టోపీ వేసుకోండి, ఎండ కూడా ఈ అలర్జీని పెంచుతుంది కనుక నీడ పట్టున ఉండండి, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోండి. మీ ఇంటి పక్క ఖాళీ సైటులో గడ్డి ఉంటే యజమానితో మాట్లాడి పూత రాకముందే తీయించండి. మీరు మాత్రం పీకవద్దు, కాల్చిన పొగ వైపు వెళ్లవద్దు, ఉతికిన బట్టలు ఆ వైపు ఆరవేయవద్దు.

పెళ్లి ఏర్పాట్లలో రెండు విషయాలు మీ ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచండి. పెళ్లికి ముందు సెలూనులో జుట్టుకు, మీసానికి నల్లరంగు, ముఖానికి బ్లీచు వేయించుకోవద్దు. చాలా హెయిర్ డైలలో ఉండే పి.పి.డి. అనే రసాయనం అలర్జీలకు పేరుమోసినది, అది మీకు పడుతుందో లేదో ప్యాచ్ పరీక్షలోనే తెలుస్తుంది. రెండోది పూలు. చామంతి కూడా పార్థీనియం కుటుంబానికే చెందుతుంది, పార్థీనియం పడనివారిలో కొందరికి చామంతీ పడదు. బంతిదీ అదే కుటుంబం. కాబట్టి మీ మెడలో వేసే దండ మల్లె, గులాబీలతో కట్టమనండి. మండపం అలంకరణలో మీరు కూర్చునే వైపు చామంతులు, బంతులు రాకుండా చూడమని డెకరేషన్ వాళ్లకు అడ్వాన్సు ఇచ్చేటప్పుడే చెప్పండి.